దమ్ము వెనుక జన్యువుల కథ: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఒక డిగ్రీ కళాశాలలో జీవశాస్త్రం చెబుతాను. డాక్టర్ను కాను. ఏడేళ్ల వయసు నుంచి ఉబ్బసం మాత్రం నా వెంటే ఉంది. ఈ రెండు సంగతులూ తెలిసినవాళ్లు తరగతి గది బయట, బస్టాండులో, ఒకసారైతే పెళ్లి భోజనాల పంక్తిలో ఆపి మరీ అడిగిన ప్రశ్నలివి. కొన్నింటికి ఒక ముక్కలో జవాబు సరిపోతుంది. కొన్నింటికి కణం లోపలిదాకా వెళ్లాలి. మందు ఏది, మోతాదు ఎంత అన్నది మీ డాక్టరు తేల్చాల్సిన విషయం, నా జోలికి రాకండి.

దమ్ము, ఆయాసం, ఉబ్బసం, ఆస్తమా అన్నీ ఒకటేనా?

ఉబ్బసం, ఆస్తమా ఒకటే. దమ్ము అలా కాదు. మన వైపు ఊపిరి ఆడని ప్రతిదాన్నీ దమ్మే అంటారు. గుండె బలహీనపడి, వెల్లకిలా పడుకోగానే వచ్చే ఆయాసమూ దమ్మే. నలభై ఏళ్లు బీడీలు కాల్చినవారికీ, అన్నేళ్లూ కట్టెల పొయ్యి ఊదిన తల్లులకూ వచ్చే సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా సన్నబడే జబ్బు కూడా దమ్మే. ఆస్తమా గుర్తు దాని నిలకడలేనితనం. ఇవాళ నాలుగు మెట్లు ఎక్కలేని పిల్లవాడు ఎల్లుండి ఎండలో క్రికెట్ ఆడుతుంటాడు. స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్షలో పంపు (ఇన్‌హేలర్) పీల్చకముందు ఒకసారి, పీల్చాక ఒకసారి ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమా అన్న అనుమానానికి బలం వస్తుంది. ఈ పరీక్ష చేయించకుండా ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

గొట్టం ముడుచుకుపోవడమే కదా జబ్బు? మధ్యలో జన్యువులెందుకు?

ముడుచుకోవడం ఆఖరి అంకం. నాటకం అంతకు చాలా ముందే మొదలై ఉంటుంది. ఒకప్పుడు డాక్టర్లు కూడా దీన్ని కండరం బిగుసుకునే జబ్బుగానే చూశారు. సన్నని గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి చూసి, శ్వాసనాళం లోపలి పొర నుంచి చిటికెడు ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టడం మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. తేలికపాటి ఆస్తమా ఉన్నవాళ్లలో, ఆ రోజు హాయిగా ఊపిరి తీసుకుంటున్నవాళ్లలో కూడా ఆ పొర వాచి ఉంది. ఉండకూడని తెల్లకణాలు అక్కడ గుంపులుగా కూర్చుని ఉన్నాయి. అంటే పిల్లికూతలు ఆగిన రోజున జబ్బు ఆగలేదు. ఆ కణాలను ఎవరు పిలిచారు, ఎందుకు వెళ్లిపోవడం లేదు అని వెతుక్కుంటూ పోతే దారి జన్యువుల దగ్గరికే తీసుకెళుతుంది.

జన్యు వ్యక్తీకరణ అంటే ఏమిటి? అర్థమయ్యేలా చెప్పండి.

ఉగాదికి అందరి ఇళ్లకూ పంచాంగం వస్తుంది. పుస్తకం ఒకటే. కాని రైతు తిప్పేది కార్తెల పేజీ, పెళ్లీడు పిల్ల ఉన్న తండ్రి తిప్పేది ముహూర్తాల పేజీ, ఉద్యోగం రాని కుర్రవాడు చూసుకునేది ఆదాయ వ్యయాల పేజీ. కణాల సంగతీ ఇంతే. గుండె కణంలోనూ, కాలేయ కణంలోనూ, శ్వాసనాళపు కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే. ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే జన్యువులు అందులో సుమారు 20 వేలు ఉంటాయి. ఏ కణం ఏ పేజీ తెరిచింది, ఎన్నిసార్లు చదివింది అన్నదే జన్యు వ్యక్తీకరణ. చదవడమంటే ఆ జన్యువుకు ఆర్ఎన్ఏ అనే నకలు తీయడం. ఆ నకలు చూసి కణం ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. నకళ్లు ఎక్కువైతే సాధారణంగా ఆ ప్రొటీనూ ఎక్కువవుతుంది.

ఆస్తమాలో పుస్తకం పాడవదు. మూసి ఉండాల్సిన పేజీలు తెరిచే ఉండిపోతాయి.

పీల్చిన దుమ్ముకు, లోపలి జన్యువులకు లంకె ఎక్కడ పడుతుంది?

ఇంట్లో ఉండే ధూళి పురుగును తీసుకుందాం. కంటికి కనిపించదు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు తిని, పరుపుల్లో, దిండ్లలో, పాత చీరలతో కుట్టిన బొంతల్లో బతుకుతుంది. వానాకాలం తేమ దానికి పండగ. దాని మలంలో ప్రొటీన్లను కోసే ఎంజైములు ఉంటాయి. మనం పీల్చినప్పుడు అవి శ్వాసనాళం లోపలి పొర మీద పడి, కణానికీ కణానికీ మధ్య ఉన్న అతుకులను కొరుకుతాయి.

ఆ పొరను చాలాకాలం వట్టి గోడ అనుకున్నారు. నిజానికి అది కాపలాదారు. దెబ్బ తగలగానే మూడు కేకలు వేస్తుంది, అంటే మూడు సంకేత ప్రొటీన్లను వదులుతుంది: టీఎస్ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33, ఇంటర్‌ల్యూకిన్-25. ఈ కేకలు వినే కణాల్లో ఒక రకాన్ని 2010లోగాని శాస్త్రవేత్తలు సరిగా గుర్తించలేదు. వాటి పేరు ఐఎల్‌సీ2. అవి ఏ పురుగు, ఏ పుప్పొడి అని విచారించవు. కేక వినపడితే చాలు, పనిలోకి దిగుతాయి. మరోవైపు డెండ్రైటిక్ కణాలు పురుగు ముక్కను పట్టుకుని లింఫు గ్రంథికి మోసుకెళ్లి టీ కణాలనే తెల్లకణాలకు చూపిస్తాయి. ఆ టీ కణాల్లో గాటా-3 అనే ప్రొటీన్ పెత్తనం తీసుకుందంటే అవి టీహెచ్2 అనే రకంగా మారిపోతాయి. గాటా-3 పని కొన్ని జన్యువుల ముందు కూర్చుని వాటిని చదివించడం. ఐఎల్‌సీ2లోనూ పెత్తనం దానిదే.

ఇక్కడి నుంచి మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. ఇంటర్‌ల్యూకిన్-4 బీ కణాలను ఐజీఈ అనే యాంటీబాడీ తయారీకి మళ్లిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-5 ఎముక మజ్జకు కబురు పంపి ఇసినోఫిల్ అనే తెల్లకణాలను పెంచుతుంది, వాటి ఆయుష్షు పొడిగిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-13 తిరిగి శ్వాసనాళపు పొర మీదికే వస్తుంది. నా దృష్టిలో ముగ్గురిలో గడుసుది ఇదే. పొరలోని కణాల్లో స్టాట్-6 అనే ప్రొటీన్‌ను తట్టి లేపి కేంద్రకంలోకి పంపుతుంది. ఫలితంగా మ్యూక్-5ఏసీ జన్యువును కణం విడవకుండా చదువుతుంది. మామూలు తెమడ పలుచగా ఉండి, కణాల మీది నూగు దాన్ని పైకి తోసేస్తుంది. మ్యూక్-5ఏసీ ఎక్కువైన తెమడ గోడకు అతుక్కుపోయి కదలదు. దగ్గీ దగ్గీ డొక్కలు నొప్పి పుట్టినా బిరుసుగా, తాడులా కొంచెమే రావడానికి కారణం ఇదే.

అదే ఇంటర్‌ల్యూకిన్-13 ఎన్ఓఎస్-2 అనే మరో జన్యువునూ తెరుస్తుంది. దానితో ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పెరుగుతుంది. పెద్ద ఆస్పత్రుల్లో చిన్న యంత్రంలోకి ఊదించి ఫీనో పరీక్ష చేస్తారు కదా, అది కొలిచేది ఈ వాయువునే. ఒక జన్యువును ఎంతగా చదువుతున్నారో ఊపిరి ఊది తెలుసుకోగలగడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

సాయంత్రం వడ్లు తూర్పారబట్టిన చోట కాసేపు ఇబ్బందిపడి తగ్గింది. మళ్లీ రాత్రి ఎందుకు వచ్చింది?

మంచి ప్రశ్న. ఇవి రెండు వేర్వేరు అలలు. మొదటిది నిమిషాల్లో వస్తుంది. శ్వాసనాళంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని ముందే మూటకట్టి పెట్టుకుని ఉంటాయి. వాటికి అతుక్కున్న ఐజీఈని పుప్పొడో, పురుగు ముక్కో తాకగానే మూట విప్పుతాయి, వెంటనే ల్యూకోట్రయీన్లనూ తయారుచేసి వదులుతాయి. కండరం బిగుస్తుంది. ఈ అలకు జన్యువులను చదివే తీరిక ఉండదు. గంట, రెండు గంటల్లో సద్దుమణుగుతుంది.

రెండో అల నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత వస్తుంది. ఈలోగా కణాలు నకళ్లు తీసి, కొత్త ప్రొటీన్లు తయారుచేసి, రక్తంలోని తెల్లకణాలను పిలిపించుకుంటాయి. అందరికీ ఇది రాదు. వచ్చినవాళ్లకు మొదటిదానికంటే మొండిగా ఉంటుంది. సాయంత్రం ఆరుకు దుమ్ము పీలిస్తే అర్ధరాత్రి దాటాక మంచం మీద లేచి కూర్చోవడం అందుకే. దానికి తోడు తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో శ్వాసనాళాలు ఎవరికైనా కాస్త సన్నబడే ఉంటాయి. శరీరం స్వయంగా చేసుకునే, వాపును అణచే కార్టిసాల్ అనే హార్మోను కూడా రాత్రి తక్కువగా ఉంటుంది. చిన్నప్పుడు నాకు దమ్ము వచ్చిన రాత్రుల్లో మా అమ్మ కోడి కూసేదాకా వీపు నిమురుతూ కూర్చునేది. తెల్లారితే తగ్గుతుందని ఆమెకు అనుభవంతో తెలుసు, హార్మోన్ల సంగతి తెలియకపోయినా.

పంపు అలవాటైతే జీవితాంతం వదలదంటారు. నిజమేనా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. అందుకే తీరిగ్గా చెబుతాను.

పంపులు రెండు రకాలని ముందు తెలుసుకోవాలి. సాల్బుటమాల్ లాంటిది కండరాన్ని సడలిస్తుంది. నాలుగైదు నిమిషాల్లో గుండె నిండా గాలి ఆడుతుంది. దానికి వాపుతో పని లేదు. రెండోది బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్ లాంటి స్టెరాయిడ్ పంపు. పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. జనం మొదటిదాన్ని ప్రేమించి రెండోదాన్ని అనుమానిస్తారు. నా కోపమంతా ఇక్కడే.

స్టెరాయిడ్ అణువు కొవ్వులో కరుగుతుంది కాబట్టి కణపు పొర దాటి నేరుగా లోపలికి వెళుతుంది. అక్కడ దాని కోసమే ఎదురుచూస్తున్న గ్రాహకానికి అతుక్కుంటుంది. ఇద్దరూ కలిసి కేంద్రకంలోకి వెళతారు. అక్కడ రెండు పనులు. ఒకటి, వాపును తగ్గించే జన్యువులను చదివించడం: గిల్జ్, డస్ప్-1 లాంటివి. రెండోది, వాపును పెంచే జన్యువుల నోరు మూయించడం. ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ ఉంది. మామూలప్పుడు దాన్ని మరో ప్రొటీన్ కేంద్రకం బయటే కట్టేసి ఉంచుతుంది. వైరస్, పొగ, దుమ్ము లాంటివి తగిలితే ఆ కట్టు తెగుతుంది. అది లోపలికి దూకి వాపు జన్యువులను డజన్ల కొద్దీ తెరుస్తుంది. స్టెరాయిడ్ గ్రాహకం దానికి అడ్డుపడుతుంది. హెచ్‌డాక్-2 అనే ఎంజైమును వెంటబెట్టుకుని వచ్చి, విప్పి ఉన్న డీఎన్ఏను మళ్లీ బిగుతుగా చుట్టిస్తుంది. చుట్టిన పేజీ చదవడం కుదరదు.

ఇదంతా జరగడానికి గంటలు పడుతుంది. వాపు దిగడానికి రోజులు, శ్వాసనాళపు చిరాకు తగ్గడానికి వారాలు, కొందరికి నెలలు. మందు మానేస్తే పేజీలు మళ్లీ తెరుచుకుంటాయి. దాన్నే జనం ‘అలవాటు పడటం’ అంటున్నారు. కళ్లజోడు తీస్తే అక్షరాలు మసకబారతాయి, కళ్లజోడుకు బానిసయ్యామని మాత్రం ఎవరూ అనరు.

దీన్ని తేటగా చూపిన ప్రయోగం ఒకటి 2014లో అచ్చయింది. నలుగురు దాతల శ్వాసనాళ కండర కణాలను పాత్రల్లో పెంచి, సగానికి 18 గంటలపాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పెట్టి, ఆర్ఎన్ఏ నకళ్లన్నీ లెక్కపెట్టారు. వందలాది జన్యువుల లెక్క మారింది. వాపు సంకేతాలను అదుపు చేయడంలో క్రిస్పెల్డ్-2 అనే, అప్పటిదాకా పెద్దగా ఎవరూ పట్టించుకోని జన్యువుకు కూడా పాత్ర ఉందని అందులోనే తేలింది. ఆ లెక్కలన్నీ ఎవరైనా దించుకోవచ్చు. జన్యు గణాంకాలు నేర్చుకునే విద్యార్థులు ప్రపంచమంతా వీటి మీదే చేయి తిప్పుకుంటారు. మా పిల్లలూ కళాశాల కంప్యూటర్లలో ఇవే లెక్కలు చేశారు. వాళ్లలో ఒకమ్మాయి, “సార్, మా తమ్ముడి పంపు చేసే పని ఇదేనా?” అని అడిగింది. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశాను, అంతకు మించి చెప్పేందుకు ఏమీ మిగల్లేదు.

దుష్ప్రభావాలు లేవని అనను. నోట్లో తెల్లపూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు తప్పుతుంది, పంపుకు తగిలించే స్పేసర్ గొట్టం వాడితే ఇంకా మేలు. పిల్లల్లో బుడెసొనైడ్ ఏళ్ల తరబడి వాడితే పెద్దయ్యాక ఎత్తు సగటున ఒక సెంటీమీటరు చిల్లర తగ్గిందని 2012లో తేలింది. ఊపిరాడక రాత్రులు నిద్రలేని పిల్లవాడిని పెట్టి, ఆ సెంటీమీటరును తూచుకోవాలి.

సాల్బుటమాల్ పంపు ఒక్కటే పెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. ఆస్తమా చికిత్సకు ప్రపంచమంతా చూసే జీనా మార్గదర్శకాలు 2019 నుంచి పెద్దలకు, కౌమార వయసు పిల్లలకు దాన్ని ఒంటరిగా వాడవద్దనే చెబుతున్నాయి. ఉపశమనానికైనా స్టెరాయిడ్ కలిసినదే మేలని వాటి మాట. కండరాన్ని సడలించే ఫార్మోటెరాల్, స్టెరాయిడ్ అయిన బుడెసొనైడ్ కలిసిన పంపు అందుకే ముందుకొచ్చింది. ఆ రెండూ కలిస్తే కొన్ని మంచి జన్యువులు విడివిడిగా కంటే ఎక్కువగా పలుకుతాయి కూడా.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే వారం పది రోజులు హాయిగా ఉంటోంది. అది తప్పా?

ఆ సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. పంపులో ఒక పీల్పుకు వందో, రెండు వందలో మైక్రోగ్రాములు ఉంటే, మాత్రల్లో, సూదుల్లో మిల్లీగ్రాముల లెక్క. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. పైగా అది శ్వాసనాళంతో ఆగదు. ఎముకలో, కాలేయంలో, క్లోమంలో, ప్రతిచోటా జన్యువులను కదిలిస్తుంది. మా నాన్న రెండేళ్లు నెలకోసారి అలాంటి సూది వేయించుకున్నారు. దమ్ము తగ్గింది, షుగర్ వచ్చింది, నడుము పూస విరిగింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అదే స్టెరాయిడ్‌ను ఆస్పత్రిలో కొద్ది రోజులు ఇస్తారు, అది వేరే సంగతి. పంపుకు భయపడి సూదికి ఎగబడటమే నాకు అర్థం కాని లెక్క.

నాకు ఈస్నోఫీలియా అన్నారు. ఆస్తమా కాదన్నమాట కదా?

ఈ మాట మన జిల్లాల్లో ఇంటింటా వినిపిస్తుంది. ఇసినోఫిల్ ఒక తెల్లకణం. అది పెరగడం గుర్తు మాత్రమే. ఆస్తమాలో ఇంటర్‌ల్యూకిన్-5 దాన్ని పెంచుతుందని పైన చెప్పాను. కడుపులో నులిపురుగులున్నా పెరుగుతుంది, కొన్ని మందులు పడకపోయినా పెరుగుతుంది. ఫైలేరియా పురుగు పిల్లలకు ఊపిరితిత్తులు అతిగా స్పందించి రాత్రిపూట దగ్గు, కూతలు వచ్చే జబ్బు ఒకటి ఉంది. అందులో లెక్క మైక్రోలీటరుకు 3,000 దాటిపోతుంది. దాని మందు వేరు. ఆస్తమాలో సాధారణంగా వందల్లోనే ఉంటుంది. కాబట్టి రక్తపరీక్ష చీటీలో శాతం చూసి వదిలేయకుండా అసలు సంఖ్య ఎంతో అడగండి.

ఒకే మందు మా అన్నకు పనిచేసింది, నాకు చేయలేదు. ఎందుకు?

ఆస్తమా అనే పేరు కింద ఒకటి కంటే ఎక్కువ జబ్బులు ఉన్నాయి కాబట్టి. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తేలికపాటి ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళంలో చిన్న బ్రష్‌తో గీసి, వచ్చిన కణాల్లో జన్యువుల నకళ్లు కొలిచారు. ఇంటర్‌ల్యూకిన్-13 తగిలితే పెరిగే మూడు జన్యువులను గీటురాయిగా పెట్టుకున్నారు. వాటిలో పెరియోస్టిన్ ఒకటి. దాదాపు సగం మందిలో ఆ మూడూ పెరిగి ఉన్నాయి. మిగతా సగంలో ఆరోగ్యవంతుల్లో ఉన్నట్టే ఉన్నాయి. పీల్చే స్టెరాయిడ్‌కు మొదటి సగం బాగా స్పందించింది, రెండో సగం అంతగా స్పందించలేదు. అదే దగ్గు, అవే కూతలు, లోపల మాత్రం వేర్వేరు పేజీలు.

రెండో రకంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు, ఇంటర్‌ల్యూకిన్-17 లాంటి సంకేతాలు కనిపించవచ్చు. ఊబకాయం, పొగ తోడైనవారిలో ఇది ఎక్కువ. అయితే ‘నాకు పనిచేయలేదు’ అన్నవాళ్లలో సగం మందిని పంపు పట్టి చూపించమంటే గాలి నోట్లోకి కాక చెంపలకు కొడుతుంటారు. జన్యువుల మీదికి పోయేముందు అది సరిచూసుకోండి.

వయ్యారిభామ, గడ్డి తగలబెట్టిన పొగ, పత్తి దుమ్ము, రాతి దుమ్ము... వీటిలో ఏది ఆస్తమా తెస్తుంది?

అన్నింటినీ ఒక గాటన కట్టకూడదు. వయ్యారిభామ 1950లలో పుణే దగ్గర బయటపడి దేశమంతా అల్లుకున్న కలుపు. మహబూబ్‌నగర్ బీడు భూముల్లో, రోడ్ల అంచున వానలు పడగానే మోకాలెత్తు లేస్తుంది. దాని పుప్పొడి పడనివారికి ముక్కు కారడం, తుమ్ములు, ఆస్తమా మూడూ రావచ్చు. ఇది ఐజీఈ దారి.

వరి కొయ్యకాళ్ల పొగ, పొయ్యి పొగ, బీడీ పొగ వేరే దారిలో వస్తాయి. ఎన్ఎఫ్-కప్పా-బిని లేపి, ఇంటర్‌ల్యూకిన్-8 ద్వారా న్యూట్రోఫిల్‌లను రప్పిస్తాయి. పొగతో వచ్చే అసలు నష్టం ఇంకొకటి: అది హెచ్‌డాక్-2ను దెబ్బతీస్తుంది. స్టెరాయిడ్ పేజీ మూయడానికి వెంటబెట్టుకొచ్చే సాయం అదే కదా. బీడీ తాగుతూ స్టెరాయిడ్ పంపు వాడేవారికి మందు సరిగా పట్టకపోవడానికి ఒక కారణం ఇదే.

జిన్నింగ్ మిల్లులో సెలవు తర్వాత పనికి వెళ్లిన మొదటి రోజు ఛాతీ పట్టేసి, వారం గడిచేకొద్దీ తగ్గితే అది బిసినోసిస్ కావచ్చు. పత్తి దుమ్ములోని బ్యాక్టీరియా విషం దానికి కారణమని భావిస్తారు. రాళ్లు కొట్టడానికి, క్రషర్ల పనికి వలస వెళ్లి వచ్చిన పాలమూరు కూలీలకు వచ్చే సిలికోసిస్ అసలు ఆస్తమానే కాదు. ఊపిరితిత్తి గట్టిపడే జబ్బు, తిరిగి మామూలు కాదు. ‘దమ్ము’ అని పంపు ఇచ్చి పంపకుండా ఎక్స్‌రే తీయించాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసేవారు ఒక పని చేయండి: సెలవు రోజుల్లో తేలికపడి, పనిలోకి దిగగానే ఎక్కువవుతోందా అని ఒక నెల రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. ఆ కాగితం చాలా పరీక్షల కంటే విలువైనది.

మా వంశంలో ఉంది. పిల్లలకు తప్పదా? జన్యు పరీక్ష చేయిస్తే తెలుస్తుందా?

తప్పదని ఏమీ లేదు. ఆస్తమాకు ఒక్క జన్యువు లేదు, చిన్న చిన్న వంతులు వేసేవి చాలా ఉన్నాయి. 2007లో 17వ క్రోమోజోమ్ మీద ఒక చోటు దొరికింది. అక్కడి తేడా ఉన్నవారిలో ఓఆర్ఎండీఎల్-3 అనే జన్యువును ఎక్కువగా చదువుతారు, బాల్యంలో ఆస్తమా అవకాశం పెరుగుతుంది. పసితనంలో ఇంట్లో పొగ పీల్చిన పిల్లల్లో ఆ తేడా ప్రభావం మరింత పెరిగిందని మరుసటి ఏడాది తేలింది. పుట్టుకతో వచ్చిన అక్షరం మారదు, ఇంట్లో బీడీ మారుతుంది. పరీక్షకు డబ్బు పోయకండి. దాని ఫలితం చూసి డాక్టరు మార్చే మందేమీ లేదు.

జూన్‌లో బడి తెరవగానే పిల్లవాడికి జలుబు, ఆ వెంటనే దమ్ము. ఎందుకిలా?

రైనోవైరస్. మామూలు జలుబు తెచ్చేదే. అందులో సీ రకం కణంలోకి దూరడానికి సీడీహెచ్ఆర్-3 అనే ప్రొటీన్‌ను తలుపుగా వాడుతుందని 2015లో తెలిసింది. ఆ జన్యువులో ఒక తేడా ఉన్న పిల్లల్లో తీవ్రమైన దాడులు ఎక్కువని అంతకు ఏడాది ముందే గమనించారు. వాపు ఉన్న పొర వైరస్‌ను అణచే ఇంటర్‌ఫెరాన్ జన్యువులను ఆలస్యంగా చదువుతుందని కూడా కొన్ని పరిశోధనలు చెబుతాయి. వేసవి సెలవుల్లో బాగుంది కదా అని మే నెలలో పంపు మానేసి, జూన్‌లో ఆస్పత్రికి పరుగెత్తే ఇళ్లు చాలా ఉన్నాయి.

పశువుల కొట్టం పక్కన పెరిగితే ఆస్తమా రాదంటారు. మా ఊళ్లో ఎందుకు వస్తోంది?

ఆ మాటలో నిజం ఉంది, అయితే అది ఎక్కడి నిజమో చూడాలి. అమెరికాలో ఆమిష్, హటరైట్ అనే రెండు రైతు సమాజాలు ఉన్నాయి. పూర్వీకులు ఐరోపాలో దగ్గరివాళ్లే, జన్యువులు దగ్గరగానే ఉంటాయి. ఆమిష్ వారు ఇంటిని ఆనుకునే ఆవులను సాకుతారు, హటరైట్‌లు యంత్రాలతో పెద్ద వ్యవసాయం చేస్తారు. బడి పిల్లల్లో ఆస్తమా ఆమిష్ వారిలో 5 శాతం, హటరైట్‌లలో 21 శాతం. 2016లో వారి పిల్లల రక్తకణాలు చూస్తే జన్యువుల చదువు తీరే వేరుగా ఉంది. అంతకుముందు ఏడాది ఎలుకల్లో, కొట్టపు దుమ్ము అలవాటైన శ్వాసనాళపు పొర ఏ-20 అనే ప్రొటీన్ సాయంతో ఎన్ఎఫ్-కప్పా-బిని అదుపులో పెడుతుందని తేలింది.

మన కొట్టాలూ పిల్లలకు ఆ మేలు చేస్తూ ఉండవచ్చు. పక్కనే పొయ్యి పొగ, పంట మీద కొట్టే మందులు, గాలి ఆడని గది కూడా ఉన్నాయి. పైగా కొట్టపు దుమ్ములో ఉండి, పసివయసులో కొద్దికొద్దిగా తగిలితే మేలు చేసే బ్యాక్టీరియా విషమే, జిన్నింగ్ మిల్లులో మోతాదు మించితే ఊపిరి పట్టేస్తుంది. ఏ వయసులో, ఎంత అన్నదాని మీద కథ మొత్తం తిరగబడుతుంది.

మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప ప్రసాదం తీసుకున్నాం. మందులు మానవచ్చా?

మానకండి. నేనూ చిన్నప్పుడు మా మేనమామ భుజాల మీద కూర్చుని ఆ వరుసలో నిలబడ్డాను, కొరమీను పిల్లను మింగాను. నమ్మకం మీ ఇష్టం. వచ్చిపోయే జబ్బులో తగ్గిన రోజుకు ముందు చేసిన ప్రతిదానికీ పేరు దక్కుతుంది. కార్తె మొదలంటే వానలు, వానలంటే జలుబు వైరస్‌లు. పంపు మానడానికి సంవత్సరంలో అంతకంటే చెడ్డ సమయం లేదు.

కొత్తగా ఖరీదైన సూదులు వచ్చాయట. అవేమిటి?

పైన చెప్పిన కబుర్లను దారిలోనే పట్టుకునే యాంటీబాడీలు. ఐజీఈని పట్టే ఒమలిజుమాబ్ అమెరికాలో 2003లో అనుమతి పొందింది. ఇంటర్‌ల్యూకిన్-5ను పట్టే మెపోలిజుమాబ్ 2015లో, ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండింటి గ్రాహకాన్నీ మూసే డుపిలుమాబ్ ఆస్తమాకు 2018లో, మొదటి కేక టీఎస్ఎల్‌పీనే ఆపే టెజెపెలుమాబ్ 2021లో వచ్చాయి. పంపులు సరిగా వాడినా లొంగని తీవ్ర ఆస్తమాకు మాత్రమే ఇవి. ఎవరికి ఏది అన్నది ఇసినోఫిల్, ఐజీఈ, ఫీనో లెక్కలు చూసి నిర్ణయిస్తారు. ఖర్చు భారీగానే ఉంటుంది.

గర్భిణి పంపు వాడవచ్చా?

వాడాలి. తల్లికి ఊపిరాడకపోతే కడుపులో బిడ్డకూ ఆడదు. డాక్టరుకు చెప్పకుండా మానడమే ప్రమాదం.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, పిల్లలైతే డొక్కలు ఎగరేస్తుంటే, పెదవులు నీలిరంగుకు తిరిగితే, సాల్బుటమాల్ పీల్చినా నాలుగు గంటలు నిలవకపోతే 108కు ఫోను చేయండి. అంతవరకు గట్టిగా వినిపించిన పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి మనిషి మగతగా ఉంటే తగ్గిందని సంబరపడకండి. గాలి లోపలికి పోవడమే ఆగిపోయి ఉండవచ్చు.

పరుపులు, బొంతలు ఎండలో వేస్తే సరిపోతుందా?

మన ఎండలకు పురుగులు చాలావరకు చస్తాయి. చచ్చిన పురుగూ, దాని మలమూ అక్కడే ఉంటాయి, వాపు లేపేవి అవే. ఎండబెట్టాక ఆరుబయట బాగా దులపాలి, ఆస్తమా ఉన్నవాళ్లు కాకుండా ఇంకెవరైనా దులపాలి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో నానబెట్టి ఉతకండి. బొంతను అలా ఉతకడం కష్టం. పిల్లవాడికి ఆస్తమా ఉంటే దాన్ని పక్కన పెట్టి పలుచని దుప్పట్లు రెండు కప్పండి. నాయనమ్మ కుట్టింది కదా అని మా ఇంట్లో మూడేళ్లు వాదన నడిచింది. ఇప్పుడు ఆ బొంత అటక మీద గట్టిగా కట్టిన ప్లాస్టిక్ సంచిలో ఉంది.